వియ్యాలవారిది క్రొయేషియా అయితే: ప్రయాణం నుంచి భోజనాల బల్ల దాకా

వియ్యపురాలు అనే మాటకు ఇంగ్లీషులో సరైన మాట లేదు. క్రొయేషియన్‌లో ఉంది. కోడలి తల్లినైనా, అల్లుడి తల్లినైనా అక్కడ ‘ప్రియా’ అంటారు, తండ్రిని ‘ప్రియాతెల్’ అంటారు. మా అమ్మాయి పెళ్లయిన కొత్తలో మా వియ్యపురాలు ఫోన్లో నన్ను “ప్రియా!” అని పిలిస్తే, పక్కనే పేపర్ చదువుకుంటున్న మా వారు ఉలిక్కిపడి కళ్లజోడు తీశారు.

మా వియ్యాలవారిది డాల్మేషియా తీరంలోని కాష్తెలా. స్ప్లిత్ నగరానికి, త్రోగిర్‌కు మధ్య సముద్రం ఒడ్డున వరసగా ఉన్న ఏడు ఊళ్లను కలిపి ఆ పేరుతో పిలుస్తారు. మేం తెనాలి నుంచి రెండుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి తప్పులు చేశాం, రెండోసారి కొన్ని దిద్దుకున్నాం. మా చుట్టాల్లో ఇంకో ఇద్దరి పిల్లలు అటువైపు సంబంధాలు చేసుకోవడంతో, వాళ్లు అడిగిన ప్రశ్నలకు ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి పని: ఏం తింటారో, ఏం తినరో ముందే చెప్పడం

టికెట్లకన్నా ముందు ఇది. నవ్వకండి.

మా మొదటి ప్రయాణానికి ముందు అమ్మాయి వాళ్ల అత్తగారితో “మా అమ్మానాన్నా మాంసం తింటారు” అని చెప్పింది. అబద్ధమేమీ కాదు. కోడి, మేక, చేప తింటాం. ఆవిడ మా మీద గౌరవంతో పష్టిట్సాడా వండింది. డాల్మేషియాలో పెళ్లిళ్లకు, పండగలకు చేసే వంట అది. పెద్ద గొడ్డుమాంసం ముక్కకు గాట్లు పెట్టి, వెల్లుల్లి, పంది కొవ్వు కూరి, రాత్రంతా వెనిగర్‌లో నానబెడతారు. మర్నాడు వైను, ఎండు ప్లమ్ పళ్లు వేసి సన్నసెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. పక్కన న్యోకీ అనే బంగాళాదుంప ఉండలు. రెండు రోజుల కష్టం. పళ్లెం ముందుకొచ్చాక అడిగి తెలుసుకుని, “ఇది మేం తినం” అన్నాం. ఆవిడ నవ్వుతూనే పళ్లాలు తీసేసి గుడ్లు వేసి పెట్టింది. కానీ ఆ రాత్రి వంటింట్లో మా అల్లుడు వాళ్లమ్మతో చాలాసేపు మెల్లగా మాట్లాడటం వినపడింది. తప్పు ఆవిడది కాదు, మాదే.

కాబట్టి నెల రోజుల ముందే ఒక కాగితం మీద నాలుగైదు వాక్యాలు రాసి, పిల్లల చేత వాళ్ల భాషలోకి మార్పించి పంపండి. “మాంసం తింటాం” అని వదిలేయొద్దు. ఏ మాంసం అన్నది విడివిడిగా రాయాలి. గొడ్డుమాంసం, పంది మాంసం, ఆక్టోపస్, కటిల్‌ఫిష్, వంటలో వాడే వైను, గుడ్డు, ఒక్కోదాని పక్కన తింటాం, తినం అని పెట్టండి. మూడు చోట్ల ఎక్కువమంది పొరబడతారు. ఒకటి, ఆదివారం భోజనం మొదట్లో ఇచ్చే తేటైన సూప్. చాలా ఇళ్లలో అది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతోనే కాస్తారు. రెండు, చిక్కుడు గింజల కూరలో, క్యాబేజీలో రుచి కోసం వేసే పొగబెట్టిన పంది మాంసం ముక్కలు. వండినవాళ్ల దృష్టిలో అది గింజల కూరే. మూడు, నల్ల రిసోట్టో. కటిల్‌ఫిష్ సిరాతో వండిన అన్నం అది. నలుపు చూసి మనవాళ్లు హడలిపోతారు గానీ చేపలు తినేవాళ్లకు రుచి బాగానే పడుతుంది.

మీ వారాలు కూడా చెప్పండి. మా వారికి శనివారం నీచు లేదు. ఈ మాట చెప్పడానికి అమ్మాయి మొహమాటపడింది, కానీ వియ్యపురాలికి అర్థం చేసుకోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు. వాళ్లు క్యాథలిక్కులు. శుక్రవారం మాంసం మానేసి చేప తినే అలవాటు ఆ ఇంట్లో ఉంది. క్రిస్మస్ ముందు రోజు ఎండు కాడ్ చేప తప్ప మాంసం ముట్టరు. “మాకు శుక్రవారం, మీకు శనివారం” అని తేల్చేసింది.

పూర్తి శాకాహారులైతే ఏం దొరుకుతుందని భయపడక్కర్లేదు. తీరంలో బ్లిత్వా ఉంది, దాని సంగతి కింద చెబుతాను. స్ప్లిత్ వెనక కొండల్లోని పోల్యిట్సా ప్రాంతం వాళ్లు సోపార్నిక్ చేస్తారు. పల్చటి రెండు పిండి పొరల మధ్య ఆకుకూర పరిచి, పొయ్యి నేల మీద నిప్పులు, బూడిద కప్పి కాల్చి, పైన ఆలివ్ నూనె, వెల్లుల్లి రాస్తారు. మా వారు మూడు ముక్కలు తిని, “ఇది తోటకూర పరోటా” అని నామకరణం చేశారు. ఉత్తరాన జగ్రెబ్ పక్కన జాగోర్యేలో అయితే పనీర్ లాంటి మెత్తటి జున్ను కూరిన ష్ట్రుక్లీ అనే పిండి చుట్టలు పెడతారు. తూర్పున స్లావోనియా వాళ్లు మిరపపొడి దట్టించే మనుషులు. వాళ్ల చేపల పులుసు ఎర్రగా ఉంటుంది, మన నాలుకకు దగ్గర. అందుకే సంబంధం ఏ ప్రాంతానిదో కనుక్కోండి. ఆంధ్రా వంట, తెలంగాణ వంట ఒకటేనా అని అడిగితే మనమేం చెబుతాం?

కాగితాలు

క్రొయేషియా 2013 జూలై 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లోనూ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి) ఉంది, డబ్బు కూడా యూరోయే. పాత కూనా నోట్లు పట్టుకెళ్లే పని లేదు. మనకు కావలసింది షెంగెన్ వీసా. పెద్దలకు రుసుము 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 15 రోజులకన్నా దగ్గర పడితే తీసుకోరు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరక్క టెన్షన్ పడేకన్నా మూడు నెలల ముందే మొదలుపెట్టండి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి.

బంధువుల ఇంట్లో దిగుతున్నారు కాబట్టి, పిలిచేవాళ్లు సంతకం చేసి అక్కడి నోటరీ దగ్గర ధ్రువీకరించిన హామీ పత్రం పంపించాలి. మేం దాని అసలు ప్రతిని దరఖాస్తుకు జతచేశాం. 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. అందుకని మధ్యలో షెంగెన్ దేశంలో విమానం మారితే అక్కడ రెండు గంటల వ్యవధి చాలదు. మన దేశం నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు, మారక తప్పదు. దిగాక మీ బసను పోలీసుల దగ్గర నమోదు చేయించడం ఆ ఇంటివాళ్ల బాధ్యత. వాళ్లు మర్చిపోతే గుర్తు చేయడం మీ బాధ్యత.

ఆగస్టు వద్దు. ఎండ, జనం, ధరలు మూడూ ఎక్కువే. జూన్ గానీ సెప్టెంబర్ గానీ చూసుకోండి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, అన్నీ ఇంట్లోనే. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా కుదరవు. తాజా పళ్లలో కొబ్బరికాయ, అరటిపండు లాంటి కొన్నింటికే మినహాయింపు. ఆవకాయ ఫర్వాలేదు, కానీ నూనె కారకుండా మూడు కవర్లలో చుట్టి చెకిన్ పెట్టెలోనే పెట్టండి. ఎండు కరివేపాకు, చింతపండు, ఇంగువ, ఆవాలు, పోపు గరిటె తీసుకెళ్లండి. పోపు గరిటె సంగతి తర్వాత తెలుస్తుంది.

కానుకల విషయంలో మనకు కలిసొచ్చేది ఒకటుంది. అక్కడ ఎవరింటికైనా వెళ్లేటప్పుడు కాఫీ పొడి పొట్లం, చాక్లెట్ల డబ్బా పట్టుకెళ్లడం పాత మర్యాద. కాఫీ! మనకు అరకు ఉంది కదా. చికోరీ కలపని అరకు కాఫీ, పౌడర్ లాగా మెత్తగా ఆడించింది తీసుకెళ్లండి. వాళ్లు పొడవాటి పిడి ఉన్న చిన్న గిన్నెలో నీళ్లు మరిగించి, పొడి వేసి పొంగనిచ్చి, మడ్డి కిందికి దిగాక తాగుతారు. ఫిల్టర్ కోసం ఆడించిన బరక పొడి దానికి పనికిరాదు. మేం మొదటిసారి చికోరీ కలిపింది ఇచ్చాం. అన్నయ్యగారు ఒక గుక్క తాగి, మర్యాదగా రెండో గుక్క కూడా తాగారు. మూడోది తాగలేదు.

పూలు ఇవ్వాలనుకుంటే బేసి సంఖ్యలో ఇవ్వండి. సరి సంఖ్యలో సమాధి మీద పెడతారు. చామంతులు అసలే వద్దు, నవంబర్ 1న శ్మశానాలన్నీ వాటితోనే నిండుతాయి. మనం దేవుడికి పెట్టే పూలు కదా అని నేను చేతిలోకి తీసుకుంటే అమ్మాయి లాగేసుకుంది.

గడప దగ్గర

చెప్పులు బయటే విప్పుతారు, మనకు అలవాటే. ఆ వెంటనే ఇంట్లో వేసుకునే చెప్పులు ఇస్తారు. ఒట్టి కాళ్లతో గచ్చు మీద తిరిగితే పెద్దావిడ ఊరుకోదు, జబ్బు చేస్తుందని వాళ్ల నమ్మకం. అలాగే ఎదురెదురు కిటికీలు రెండూ తీస్తే గాలి కొడుతుందని మూసేస్తారు. జూలైలో కూడా. వాదించి లాభం లేదు, మా అత్తగారు తలస్నానం చేసి ఫ్యాన్ కింద కూర్చోనిచ్చేది కాదు.

బజారుకు ఆవిడతో వెళ్లండి

భోజనానికి పిలిచిన రోజు పొద్దున్నే వంట చేసేవాళ్లతో బజారుకు వెళ్లడం నేను ఇచ్చే అతి ముఖ్యమైన సలహా. స్ప్లిత్‌లో కూరగాయల సంత, రోమన్ చక్రవర్తి కట్టించిన డయోక్లెషియన్ ప్యాలెస్ తూర్పు గోడ బయట జరుగుతుంది. పడమటి వైపు, పాత ఊళ్లో చేపల మార్కెట్ ఉంది. పక్కనే గంధకపు ఊటలు ఉండటం వల్ల అక్కడ ఈగలు వాలవని చెబుతారు. నేను వెతికాను, కనబడలేదు. చేప మొప్పలు ఎత్తి చూడటం, కళ్లు మెరుస్తున్నాయా అని వంగి చూడటం, ధర విని మొహం పక్కకు తిప్పుకోవడం, ఇవన్నీ మేమిద్దరం ఒకేలా చేశాం. ఒక్క మాట అనువదించే పని పడలేదు.

శనివారమే అన్నీ కొనుక్కోండి. 2023 జూలై నుంచి అక్కడి దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలు మాత్రమే తెరుస్తారు.

బ్రుదెత్: కలిసి వండటానికి సరైన వంట

మొదటిసారి కలిసి వండాలంటే బ్రుదెత్ అడగండి. మన చేపల పులుసుకు అటు తీరంలో ఉన్న తోబుట్టువు. చింతపండు బదులు టమాటా, వైను, వెనిగర్. సంకటి బదులు పలెంతా, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి. ఆరుగురికి కొలతలు ఇవీ:

రెండు మూడు రకాల గట్టి చేపలు కలిపి కిలోన్నర, ఉల్లిపాయలు అర కిలో, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, పండు టమాటాలు అర కిలో, ఆలివ్ నూనె ముప్పావు టీ గ్లాసు, తెల్ల వైను ఒక గ్లాసు, వెనిగర్ రెండు చెంచాలు, రెండు బిరియానీ ఆకులు, పార్స్‌లీ ఒక కట్ట, ఉప్పు, మిరియాలు. వైను వద్దంటే ఇంకో రెండు చెంచాల వెనిగర్, కాసిని నీళ్లు సరిపోతాయి.

చేపల్ని మూడు వేళ్ల మందాన ముక్కలు కోసి, ఉప్పు, వెనిగర్ పట్టించి అరగంట ఉంచాలి. వెడల్పాటి గిన్నెలో నూనె పోసి ఉల్లిపాయల్ని తొందరపడకుండా వేయించాలి. ఎర్రబడకూడదు, కరిగిపోవాలి. దీనికే ఇరవై నిమిషాలు పడుతుంది, రుచంతా ఇక్కడే ఉంది. వెల్లుల్లి, సగం పార్స్‌లీ, టమాటాలు, ఆకులు వేసి పది నిమిషాలు మగ్గనివ్వండి. వైను పోసి దాని పచ్చి వాసన పోయేదాకా ఆగండి. ఇప్పుడు గట్టి చేప ముక్కలు కింద, మెత్తటివి పైన పేర్చి, మునిగేలా వేడి నీళ్లు పోసి సెగ తగ్గించండి.

ఇక్కడ ఆవిడ నా చేతిలోంచి గరిటె తీసేసుకుంది. రెండు చేతులతో గిన్నె చెవులు పట్టుకుని గుండ్రంగా కదిపింది. నేను నవ్వేశాను. మా అమ్మ కూడా చేపల పులుసులో గరిటె పెట్టనిచ్చేది కాదు, ముక్క చెదురుతుందని మసిగుడ్డతో గిన్నె పట్టుకుని ఇలాగే తిప్పేది. ఆ సంగతి చేతులతోనే చెప్పాను. ఆవిడకు అర్థమై, అప్పటినుంచి గిన్నె కదిపే పని నాకే వదిలేసింది. అరగంట నుంచి నలభై నిమిషాల్లో నూనె పైకి తేలి, పులుసు చిక్కబడుతుంది. మిగిలిన పార్స్‌లీ చల్లి దించండి.

పలెంతాకు లీటరు నీళ్లలో ఉప్పు వేసి మరిగించి, పావు కిలో మొక్కజొన్న రవ్వ ధారగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి. అసలు రవ్వయితే నలభై నిమిషాలు, ఇన్‌స్టంట్ దైతే ఐదే. రాగి సంకటి గెలికిన చేతులకు ఇదో లెక్క కాదు.

ఒక హెచ్చరిక. నెరెత్వా నది లోయలో బ్రుదెత్ అంటే పాముచేప, కప్ప కాళ్లు, ఎర్ర మిరపకాయ. కారం బాగుంటుందని ఆశపడే ముందు గిన్నెలో ఏముందో అడగండి.

పక్కన బ్లిత్వా ఉండాలి. బ్లిత్వా అనే ఆకు బీట్‌రూట్ జాతిదే, కాకపోతే దుంప కోసం కాక ఆకు కోసం పెంచుతారు. మన ఊళ్లో చేయాలంటే లేత బీట్‌రూట్ ఆకులు చక్కగా సరిపోతాయి. అర కిలో బంగాళాదుంపల్ని పెద్ద ముక్కలు కోసి ఉప్పు నీళ్లలో ముప్పావు వంతు ఉడికించి, కిలో ఆకు తుంచి అందులోనే వేసి ఐదు నిమిషాలకు నీళ్లు వంచేయాలి. ఆలివ్ నూనెలో వెల్లుల్లి సన్నగా వేయించి, వాసన రాగానే రెండూ వేసి కాస్త మెదపాలి. అంతే. మొదటి ముద్దకు పోపు ఏదీ అనిపిస్తుంది. మూడో ముద్దకు ఆ మాట మర్చిపోతారు.

బల్ల దగ్గర

వేసవిలో ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది, రాత్రి భోజనం ఆ తర్వాతే. మామూలుగా వాళ్లకు పెద్ద భోజనం మధ్యాహ్నమే, రాత్రి తేలిక. చుట్టాలొస్తే మాత్రం రాత్రిదే పండగ భోజనం. రెండు మూడు గంటలు కూర్చుంటారు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు సాయంత్రం ఐదింటికి ఏదో ఒకటి తిని ఉండండి. ఈ చిన్న విషయం ఎవరూ చెప్పరు.

మొదట రాకియా ఇస్తారు. మూలికలు నానేసిన సారా లాంటిది, చిన్న గ్లాసులో. తాగని వాళ్లు “బాజ్గా” అని అడగండి. ఒక రకం తెల్లటి పూలతో కాచిన షర్బతు అది, వేసవిలో చాలా ఇళ్లలో ఉంటుంది. గ్లాసులు తగిలించేటప్పుడు “జీవ్యెలీ” అంటారు, అవతలివాళ్ల కళ్లలోకి చూస్తూ. మన ‘జీవ’ శబ్దానికి, దానికి మూలం ఒకటే. రెండును ‘ద్వా’, మూడును ‘త్రీ’ అంటారు. ఇలాంటి మాటలు ఏరుకుంటూ ఆ రాత్రి మా బల్ల దగ్గర ఒక గంట గడిచింది. భాష రాని చుట్టాల మధ్య ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు.

తర్వాత పళ్లెం నిండా ప్ర్షుత్ అనే ఎండబెట్టిన పంది తొడ మాంసం, పాగ్ దీవి గొర్రె పాల జున్ను, ఆలివ్‌లు వస్తాయి. అదే భోజనం అనుకుని కడుపు నింపుకోకండి. “డోబర్ టెక్” అన్నాకే అసలు భోజనం మొదలు. చేప మూడుసార్లు ఈదాలని అక్కడి సామెత: సముద్రంలో, నూనెలో, వైనులో. కాల్చిన చిన్న సార్డీన్ చేపల్ని చేత్తోనే తింటారు. ఆ పూట మా వారు ఎట్టకేలకు ఫోర్కు పక్కన పెట్టారు.

కొసరి కొసరి వడ్డిస్తారు. మొదటి “వద్దు”ను ఎవరూ లెక్క చేయరు. “సామో మాలో” అంటే కొంచెమే అని. ఆ మాట ముందుగానే అనడం మొదలుపెట్టండి, ఎందుకంటే చివర్లో ఫ్రితులే అనే చిన్న తీపి బోండాలు ఉంటాయి.

మాటల్లో యుగోస్లావియా నుంచి విడిపోయేటప్పుడు సెర్బ్‌లతో జరిగిన 1991-95 యుద్ధం సంగతి మీరుగా ఎత్తకండి. వాళ్లే చెబితే వినండి. విద్యుత్ శాస్త్రవేత్త నికోలా టెస్లా ఇప్పటి క్రొయేషియాలోని స్మిల్యాన్‌లో పుట్టినవాడే గానీ సెర్బ్ కుటుంబం వాడు, ఎవరివాడన్న తగువులోకి మనం దిగొద్దు. ఫుట్‌బాల్ భేషుగ్గా పనికొస్తుంది. ప్రపంచ కప్‌లో వాళ్లకు 1998లో మూడో స్థానం, 2018లో ఫైనల్, 2022లో మళ్లీ మూడో స్థానం. స్ప్లిత్ వైపు వాళ్లదయితే 1911లో పుట్టిన హైదుక్ జట్టు పేరు ఎత్తండి. జగ్రెబ్ జట్టును మెచ్చుకోవద్దు.

మన వంతు

వెళ్లే ముందు ఒక పూట మీరు వండి పెట్టండి. నేను నిమ్మకాయ పులిహోర, పప్పు, పెరుగన్నం చేశాను. పులిహోరకు పొడుగు గింజ బియ్యం కొనండి. రిసోట్టోకు వాడే పొట్టి గింజ బియ్యం జిగురుగా ఉడుకుతాయి, అవి పెరుగన్నానికి ఉంచుకోండి. అక్కడ మామూలుగా అమ్మే యోగర్ట్ మజ్జిగలా జారుతుంది, గట్టిది అని అడగాలి. పప్పుకు ఎర్ర కందిపప్పు దొరుకుతుంది. కారం సగానికి తగ్గించండి.

పోపు పెట్టే ముందు మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పి, చిమ్నీ వేసి, చిన్న గరిటెలో మూత పట్టుకుని పెట్టండి. నేను వాళ్ల వెడల్పాటి పెనంలో పెట్టాను. ఆవాలు గోడ దాకా ఎగిరాయి. ఆవిడ భుజం పట్టుకుని నన్ను వెనక్కి లాగింది.

ఆవకాయను ఎవరికీ వడ్డించకుండా బల్ల మధ్యలో సీసా పెట్టి ఊరుకోండి. అన్నయ్యగారు రొట్టె మీద పాగ్ జున్ను ముక్క పెట్టి, దాని మీద ఆవకాయ నూనె నాలుగు చుక్కలు వేసుకున్నారు. మర్నాడు పొద్దున ఏడింటికే సీసా మళ్లీ బల్ల మీద ఉంది. తిరుగు ప్రయాణంలో వాళ్ల సొంత చెట్ల ఆలివ్ నూనె ఐదు లీటర్ల డబ్బా ఇస్తామన్నారు. లగేజీలో ఐదు కిలోల చోటు వెళ్లేటప్పుడే మిగుల్చుకోండి. మేం మిగుల్చుకోలేదు, రెండు చీరలు అక్కడే వదిలేసి తెచ్చుకున్నాం.